తంబురని ఫ్యాన్ అనుకున్న యంత్రం

2020లో లాక్‌డౌన్ పెట్టాక అందరు టీచర్లలాగే నేనూ ఫోన్ ఎదురుగా కూర్చుని పాఠాలు చెప్పాను. మొదటి రోజు తంబుర శ్రుతి చేసుకుని, మీటుతూ, మాయామాళవగౌళ రాగంలో సరళీ స్వరాలు ఎత్తుకున్నాను. రెండు నిమిషాలు కాకముందే ఒక అమ్మాయి అడ్డొచ్చింది. "మేడమ్, తంబుర ఆగిపోయిందండీ." ఆగలేదు. నా చెవి పక్కనే మోగుతోంది. పిల్లలకి మాత్రం వినిపించడం లేదు. మధ్యమధ్యలో ఎక్కిళ్ళు వచ్చినట్టు ఒక ముక్క వినబడి మళ్ళీ పోతోందట.

ఫోన్ తంబుర దగ్గరికి జరిపాను. ఎలక్ట్రానిక్ శ్రుతిపెట్టె పెట్టి చూశాను. అదీ అంతే. నాలుగో రోజు మా మేనల్లుడు, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసేవాడు, సంగతి విని నవ్వాడు. "అత్తా, అది మీటింగుల కోసం చేసిన యాప్. మనిషి మాట కాకుండా, ఆగకుండా ఒకేలా మోగేది ఏదైనా దాని లెక్కలో ఫ్యాన్ చప్పుడే. ఏరి పారేస్తుంది." సెట్టింగుల్లో ఎక్కడో లోపల, ధ్వనిని ఉన్నదున్నట్టు పంపే మీట ఒకటి ఉంది. అది నొక్కగానే తంబుర తిరిగొచ్చింది. దాంతోపాటు నిజం ఫ్యాన్ కూడా వచ్చిందనుకోండి, అది వేరే సంగతి.

మన సంగీతంలో అన్నిటికంటే ముందు మొదలయ్యేది, అన్నిటికంటే చివర ఆగేది శ్రుతి. దాన్ని చెత్త కింద జమకట్టిన యంత్రం మీద కోపం తెచ్చుకుని లాభం లేదు. అది చేసినవాళ్ళకి కావలసింది మాట. వాళ్ళ పని వాళ్ళు బాగానే చేశారు. నన్ను నిద్రపోనివ్వనిది వేరే ప్రశ్న. ఆ మీట ఎవరి చేతిలో ఉంది? మేనల్లుడు లేకపోతే ఆ ఏడాదంతా తంబుర లేకుండానే పాఠం చెప్పేదాన్ని. ఇంకా ఘోరం, దానికి అలవాటు కూడా పడిపోయేదాన్ని.

యూనివర్సిటీలో సంగీత శాఖకి సొంతంగా ఒక కంప్యూటర్ గది కావాలని పదేళ్ళుగా అడుగుతున్నాను. ప్రతి మీటింగులోనూ ఒకటే జవాబు: "కంప్యూటర్ సెంటర్ ఉంది కదమ్మా, వారానికి రెండు గంటలు మీకూ ఇస్తారు." ఇక్కడ రాస్తున్నది ఆ మాటకి నా సమాధానం. మీటింగులో చెప్పడానికి ఎప్పుడూ టైము చాలలేదు.

ఆ రెండు గంటలూ మేం వాడి చూశాం, వాడకుండా అనడం లేదు. పెద్ద హాలు, వరసల్లో కంప్యూటర్లు, పైన పన్నెండు ఫ్యాన్లు, మూల ఒక యూపీఎస్ గుయ్‌మని. అవతలి వరసలో వేరే శాఖ పిల్లలు ప్రోగ్రాములు రాసుకుంటుంటే, ఇవతల మా పిల్లలు మైకు నోటి దగ్గర పెట్టుకుని రహస్యం చెప్పుకున్నట్టు పాడారు. గట్టిగా పాడితే అందరూ తలతిప్పి చూస్తారు. ఆరున్నొక్క శ్రుతిలో ఆరిందాలా పాడే పిల్ల కూడా అక్కడ పిల్లిలా అయిపోయింది.

అయినా పని నేర్పాలని, ప్రాట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ పెట్టించాను. ఆంస్టర్‌డ్యామ్ విశ్వవిద్యాలయంలో భాషాధ్వనులు పరిశోధించేవాళ్ళ కోసం తయారైంది అది. పాడింది రికార్డు చేసి ఇస్తే, గొంతు ఏ క్షణంలో ఏ స్థానంలో ఉందో గీత గీసి చూపిస్తుంది. ఒకమ్మాయి అయిదు శ్రుతిలో పాడింది (ఆధార షడ్జం ఎంత ఎత్తులో ఉందో చెప్పే అంకె అది). తారస్థాయి, అంటే పై స్థాయి, మధ్యమానికి వెళ్ళేసరికి గీత తెగిపోయింది. మళ్ళీ పాడింది, మళ్ళీ తెగింది. పిల్ల ముఖం చిన్నబోయింది, తన స్వరమే తప్పనుకుంది. తప్పు నాది. మేం వాడిన వెర్షన్‌లో పై హద్దు 500 హెర్ట్జ్ అని ముందే పెట్టి ఉంది, నేను చూసుకోలేదు. మాట్లాడే గొంతుకి అది ఎక్కువే. అయిదు శ్రుతి షడ్జం 196 హెర్ట్జ్. తార షడ్జం 392. తార మధ్యమం 520 దాటుతుంది. అంటే మా పిల్ల ఆ యంత్రం ఇంటి కప్పు మీదికెక్కి పాడుతోందన్నమాట!

హద్దు మార్చాను. గీత నిండుగా వచ్చింది. పిల్లలందరూ మూగారు. ఆ వారం సంబరంగా గడిచింది. పై వారం వెళ్ళేసరికి హద్దూ లేదు, సాఫ్ట్‌వేరూ లేదు, పిల్లలు దాచుకున్న పాటలూ లేవు. ఆ సెంటర్లో కంప్యూటర్ ఆపి మళ్ళీ పెడితే అన్నీ మొదటికి వచ్చేలా కట్టుదిట్టం చేశారు. వైరస్‌ల భయం. వందల మంది వాడే చోట అది సబబే. అడ్మిన్ పాస్‌వర్డ్ అడిగితే ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా. నేను ఆ సెంటర్ నడిపినా ఇవ్వను.

అందుకే వేరే గది అడుగుతున్నాను. మాట కోసం బిగించిన మీటల్ని పాట కోసం తిప్పుకుని, అవి రేపు కూడా అలాగే ఉండే చోటు కావాలి.

ఈ మీటల గొడవ కంప్యూటర్లతో పుట్టింది కాదు. మాకు పెద్ద దిక్కు అనదగ్గ పుస్తకం సంగీత సంప్రదాయ ప్రదర్శిని. సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయపురం నుంచి వెలువరించారు. తమిళ దేశంలో, అచ్చంగా తెలుగు లిపిలో. కృతికి స్వరం రాయడంతో ఆయన ఊరుకోలేదు. స్వరాల మీద అది కంపితమా, నొక్కా, జారా, రవ్వా అని, అంటే స్వరాన్ని ఊపే తీరు (గమకం) ఏదో తెలిసేలా గుర్తులు పెట్టారు. ఆ రోజుల్లో అచ్చంటే సీసపు అక్షరాలు. ప్రతి గుర్తుకీ ఒక అచ్చుముక్క ఉండి తీరాలి. లేని గుర్తుని ఉన్నదానితో సర్దుకోలేదు వాళ్ళు. ఆ శ్రమ తలుచుకుంటే నాకు మన కంప్యూటర్ల ముందు సిగ్గేస్తుంది.

ఎందుకంటే నా పిహెచ్‌డీ థీసిస్‌లో తారస్థాయి, మంద్రస్థాయి చుక్కలు నేను పెన్నుతో పెట్టాను. నిజంగా. డీటీపీ షాపులో పాత తెలుగు ఫాంట్లలో కొట్టించి, అయిదు కాపీలూ ఇంటికి తెచ్చుకుని, నేలమీద పరుచుకుని, స్వరం పైన చుక్క, స్వరం కింద చుక్క. మా అమ్మ వచ్చి, "ముగ్గు పెడుతున్నావా ఏమిటే?" అంది. ఇప్పుడు యూనికోడ్ వచ్చింది, అంటే కంప్యూటర్లో ప్రతి అక్షరానికీ ఒక నంబరు, బతికిపోయాం అనుకున్నాను. తెలుగుకి కేటాయించిన పట్టికలో 128 గళ్ళున్నాయి. గమక చిహ్నాలకి అందులో ఒక్క గడి లేదు. చుక్క వేరేచోట దొరుకుతుంది గానీ, చాలా తెలుగు ఫాంట్లలో దాన్ని 'రి' మీద పెడితే గుడి మీదికెక్కి కూర్చుంటుంది, 'ని' కింద పెడితే పక్కకి జారిపోతుంది. ఒక మంచి ఫాంట్ చేయించుకోవాలి, స్వరలిపి కోసమే. ఫాంట్ చేసేవాడికి మేం పక్కన కూర్చుని 'ఇది ఒడుక్కల్, ఇది ఓరిక, ఈ రెండూ ఒకటి కావు' అని చెప్పాలి. కంప్యూటర్ సెంటర్లో రెండు గంటల్లో అయ్యే పని కాదు ఇది. రెండేళ్ళ పని.

ఇక కీబోర్డుల సంగతి చెప్పాలి. ఒక మార్చిలో, బడ్జెట్ మురిగిపోతుందన్న టెన్షన్‌లో, మా శాఖకి పది కంప్యూటర్లు, వాటికి తగిలించే పది మిడి కీబోర్డులు వచ్చాయి. ఎవరు అడిగారో ఇప్పటికీ తెలీదు. ఏదో కాలేజీ మ్యూజిక్ ల్యాబ్ లిస్టు చూసి ఇండెంట్ రాసి ఉంటారు. అందరికంటే తక్కువ కోట్ చేసినవాడి దగ్గర కొన్నారు. గది ఇవ్వలేదు. స్టాకు రిజిస్టర్లో ఎక్కించాం, అట్టపెట్టెలు వాయిద్యాల గదిలో పేర్చాం.

మిడి అనేది 1983లో వచ్చిన పద్ధతి. వాయిద్యాలూ కంప్యూటర్లూ మాట్లాడుకునే భాష. అందులో స్వరానికి 0 నుంచి 127 దాకా ఒక నంబరు. మెట్టు నొక్కితే 60 మొదలైంది, వదిలితే 60 ఆగింది అని చెబుతుంది. 60కీ 61కీ మధ్య ఏం జరిగిందన్నది దానికి అసలు విషయం కాదు, అదనపు సమాచారం. మనకి అసలు విషయమే అది. తోడి రాగంలో గాంధారాన్ని తన మెట్టు మీద నిలబెట్టి పాడితే తోడి అవదు. రిషభానికీ మధ్యమానికీ మధ్య ఊగుతూ ఉంటేనే అది తోడి గాంధారం. గీత గీసి చూస్తే, గాంధారం అని మనం పిలిచే చోట గొంతు ఆగేది బహు తక్కువ.

ఇక్కడ న్యాయంగా ఒక మాట చెప్పాలి. నేను వీణ టీచర్ని. వీణకి కూడా స్థాయికి పన్నెండే మెట్లు, మొత్తం ఇరవై నాలుగు. హార్మోనియం మెట్లని తిట్టేవాళ్ళు ఈ సంగతి మర్చిపోతారు. తేడా అంతా తీగెని పక్కకి లాగడంలో ఉంది. ఒకే మెట్టు మీద వేలు కదలకుండా తీగె లాగి రెండు మూడు స్వరాలు పైకి వెళ్ళిరావచ్చు. మిడిలో దీనికి పిచ్ బెండ్ అని ఒక ఏర్పాటు ఉంది. 16,384 సన్నని అడుగులు, చాలా నాజూకైనదే. మామూలుగా దాని పరిధి మాత్రం అటు రెండు అర్ధస్వరాలు, అంటే రెండు మెట్లు, ఇటు రెండు. ఆ పరిధిని పెంచుకోవచ్చు. దాన్ని అదుపులో పెట్టి కర్ణాటక సంగీతం వాయించే విద్వాంసులూ ఉన్నారు. కాబట్టి మిడి పనికిరాదనడం లేదు. పది కీబోర్డులు కొనే ముందు పరిధి సంగతి తెలిసినవాళ్ళని ఒక్క మాట అడగాలన్నదే నా గొడవ. ఆ డబ్బుతో రెండు మంచి మైకులు వచ్చేవి.

నాకు ఎదురు చెప్పాలంటే వాడదగ్గ ఉదాహరణ ఒకటుంది, నేనే చెబుతాను. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో జాన్ చౌనింగ్ అనే సంగీతకారుడికి 1960ల్లో సొంత కంప్యూటర్ గది లేదు. కృత్రిమ మేధ పరిశోధనశాల వాళ్ళ యంత్రాన్ని అడిగి వాడుకున్నాడు. 1967లో దాని మీద ఒక స్వరానికి కంపితం ఇచ్చి, ఆ ఊపు వేగం పెంచుతూ పోయాడు. కొంత వేగం దాటాక ఊపు ఊపులా వినపడలేదు, స్వరం రంగే మారిపోయింది. గంటలా, ఇత్తడి బూరలా. ఎఫ్ఎం సింథసిస్ అని పేరుపడ్డ పద్ధతి అది. యమహా కంపెనీ హక్కులు తీసుకుంది, 1983లో డీఎక్స్7 కీబోర్డు వచ్చింది, ఎనభైల నాటి పాటలన్నిటా ఆ మోతే. ఇదంతా పక్క శాఖ యంత్రం మీద మొదలైందిగా, మీకెందుకు సొంతది అనవచ్చు.

కానీ కథ అక్కడ ఆగలేదు. 1975లో స్టాన్‌ఫర్డ్ వాళ్ళు సంగీతం కోసం కంప్యూటర్ కేంద్రం విడిగా పెట్టారు. 1977లో ధ్వని పుట్టించడానికే చేసిన ప్రత్యేక యంత్రం అక్కడికి వచ్చింది. అదే ఏడాది పారిస్‌లో ఇర్కామ్ అనే సంగీత పరిశోధన కేంద్రం తెరుచుకుంది, అది చాలామటుకు నేల కింద కట్టిన భవనం. అరువు యంత్రం మీద ఒక మనిషి ఒక వింత కనిపెట్టగలడు. ఏటేటా వచ్చే పిల్లలకి పని నేర్పడానికి మాత్రం అరువు సరిపోదు. ఇంకొకటి, చౌనింగ్‌కి ఆ పరిశోధనశాలలో మీటలు తిప్పుకోనిచ్చారు. మా పాస్‌వర్డ్ సంగతి పైన చెప్పాను కదా.

సరే, గది అంటే ఏం గది? ఇక్కడే నేను అందరితోనూ పేచీ పడేది. కంప్యూటర్ ల్యాబ్ అనగానే ఇంజినీరింగ్ విభాగం వాళ్ళు ముప్పై టేబుళ్ళు, ముప్పై కుర్చీలు, అద్దాల పార్టిషన్, పెద్ద ఏసీ అని ప్లాను గీసుకొస్తారు. మాకు ముప్పై వద్దు. నాలుగు చాలు. అద్దం వద్దే వద్దు.

గదికి పరీక్ష చాలా సులువు. మధ్యలో నిలబడి ఒక్కసారి చప్పట్లు కొట్టండి. ఎదురెదురు గోడలు నున్నగా, ఖాళీగా ఉంటే చప్పట్ల వెనకే 'టర్ర్' మని ఒక చిన్న మోత వస్తుంది. శబ్దం రెండు గోడల మధ్య బంతిలా కొట్టుకుంటుంది. ఆ గదిలో ఎంత ఖరీదు మైకు పెట్టినా ఆ టర్రునే ఇంకా శ్రద్ధగా రికార్డు చేస్తుంది. దీనికి మందు కంప్యూటర్ షాపులో దొరకదు. పుస్తకాలు ఎగుడుదిగుడుగా పేర్చిన బీరువాలు, మందపాటి తెరలు, నేల మీద జంపఖానా, గోడలకి దూది పరుపులు. మా వాయిద్యాల గదిలో ఇళ్ళనుంచి తెచ్చిన పాత బొంతలు వేలాడదీశాం. చూడ్డానికి ధోభీఖానాలా ఉంటుంది. వినడానికి మా క్యాంపస్‌లో అంతకంటే మంచి గది లేదు.

రెండోది కరెంటు. ఆ బొంతల గదిలో మొదటి రికార్డింగ్ వింటే అడుగున సన్నగా ఒక హోరు. మన కరెంటు సెకనుకి యాభై సార్లు ఊగుతుంది. తీగల్లో ఎక్కడైనా లోపముంటే ఆ 50, దాని మీద 100, 150, 200 హెర్ట్జ్ ధ్వనుల్లోకి చొరబడతాయి. మాకిక్కడ ఒక తమాషా ఉంది. అయిదు శ్రుతి షడ్జం 196 అన్నాను కదా. కరెంటు వారి 200 దాని పక్కనే వచ్చి కూర్చుంటుంది, సెకనుకి నాలుగుసార్లు కొట్టుకుంటూ. శ్రుతి కలవని చుట్టంలాగా. ఎలక్ట్రీషియన్ వచ్చి ప్లగ్ పాయింటు విప్పి, "మేడంగారూ, మూడో కన్నం ఉంది గానీ దాని వెనకాల వైరే లేదండి," అన్నాడు. కట్టినప్పటినుంచీ ఎర్త్ లేదు ఆ గదికి. బయట గుంట తవ్వి, బొగ్గూ ఉప్పూ వేసి, ఎర్త్ దింపాడు. హోరు పోయింది. వేసవిలో ఆ గుంటలో బిందెడు నీళ్ళు పోయడం మా ఆఫీస్ అటెండర్ పని. మరిచిపోతే ఏప్రిల్ చివరికి 200 మళ్ళీ వచ్చి పలకరిస్తుంది.

ఏసీ రికార్డింగ్ చేసేటప్పుడు ఆపాలి. అందుకే రికార్డింగులు పొద్దున్న ఏడింటికి.

ఇలాంటి గదిలో ఏం చేస్తారు అని అడిగేవాళ్ళకి నేను బీరువా తెరిచి చూపిస్తాను. నాలుగు వందల పైచిలుకు క్యాసెట్లు. ముప్పై ఏళ్ళలో మా శాఖకి వచ్చిన విద్వాంసుల కచేరీలు, పాఠాలు, సప్తాహాల్లో పాడిన కృతులు. సముద్రపు గాలికి కొన్నిటి మీద తెల్లగా బూజు. వీటిని కంప్యూటర్లోకి ఎక్కించడానికి దగ్గరదారి లేదు. గంటన్నర క్యాసెట్‌కి గంటన్నరే పడుతుంది. నాలుగు వందలంటే ఆరు వందల గంటలు. రోజుకి నాలుగు గంటలు కూర్చుంటే నూట యాభై పనిరోజులు. భద్రపరచడానికి ప్రపంచమంతా ఆర్కైవుల వాళ్ళు మెచ్చే నాణ్యత 24 బిట్, 96 కిలోహెర్ట్జ్. ఆ లెక్కన స్టీరియో గంటకి సుమారు రెండు జీబీ. మొత్తం ఒకటింబావు టీబీ. ఒక కాపీ ఇక్కడ, ఒకటి వేరే డిస్కులో, ఒకటి ఊరు దాటి ఇంకెక్కడైనా. అంతా కలిపి నాలుగు టీబీ లోపే. డిస్కు ఖర్చు ఈ రోజుల్లో ఒక లెక్కలోది కాదు. నూట యాభై రోజులు కూర్చునే మనిషే కరువు.

ఊరికే కూర్చుంటే కూడా చాలదు. ప్రతి క్యాసెట్‌కీ టేపు రికార్డర్ హెడ్డు కోణాన్ని స్క్రూడ్రైవర్‌తో సన్నగా తిప్పి, తంబుర జీరు, అంటే తీగె ఝుమ్మనే ఆ సన్నని ధ్వని, స్పష్టంగా వినబడే చోట ఆపాలి. రికార్డు చేసిన మిషన్ హెడ్డు ఎలా వంగి ఉంటే ఇది కూడా అలా వంగాలి. ఈ పని మీటరు చూసి కాదు, చెవితో చెయ్యాలి. జీరు ఎక్కడ విచ్చుకుంటుందో సంగీతం పిల్లలకి చెప్పక్కర్లేదు. కంప్యూటర్ సెంటర్ ఆపరేటర్‌కి ఎంత చెప్పినా తెలియదు, ఆయన తప్పు కాదు.

బార్సిలోనాలో పాంపేవు ఫాబ్రా విశ్వవిద్యాలయం వాళ్ళు 2011 నుంచి 2017 దాకా యూరప్ నిధులతో కాంప్‌మ్యూజిక్ అని పెద్ద ప్రాజెక్టు నడిపారు. షావియెర్ సెర్రా దాని సారథి. కర్ణాటక సంగీతం అందులో ఒక ప్రధాన భాగం, మద్రాస్ ఐఐటీ వాళ్ళు కలిసి పనిచేశారు. రాగాల్ని కంప్యూటర్‌తో ఎలా గుర్తుపట్టాలి, గమకాల గీతల్ని ఎలా పోల్చాలి, అన్నీ మంచి పనులు. మా పిల్లలకి ఆ వ్యాసాలు చదివిస్తాను. చదివిన ప్రతిసారీ ఒక పిల్లో పిల్లాడో అడుగుతారు: "మరి మన బీరువాలోవి వాళ్ళకి ఇద్దామా మేడమ్?" ఇవ్వడానికి నాకు అభ్యంతరం లేదు. ముందు మనం ఒకసారి వినాలి కదా.

మా శాఖలో ఒక పెద్దాయన, గాత్రం మేష్టారు, ఈ గదికి మొదటినుంచీ వ్యతిరేకి. రిటైరయ్యాక కూడా వచ్చి పోట్లాడేవారు. "1919లో విజయనగరంలో సంగీత కళాశాల పెట్టారమ్మా. నారాయణదాసుగారు ప్రిన్సిపాలు, ద్వారం వారు ఫిడేలు చెప్పేవారు. ఏ కంప్యూటరుందమ్మా అక్కడ? గీతలు చూసి పాడితే అది పాట కాదు, లెక్కల పేపరు." ఆయన మాటలో సగం నిజం. అందుకే మొదటి రెండేళ్ళ పిల్లలకి నేను గీత చూపించను. కళ్ళకి రుచి మరిగితే చెవి సోమరిదవుతుంది. ట్యూనర్ యాప్ పచ్చలైటు కోసం పాడే పిల్లల్ని చూశాను. లైటు ఆపేస్తే దిక్కులు చూస్తారు.

మిగతా సగానికి నా జవాబు ఇది. అప్పటి పిల్లలు గురువుగారింటి అరుగు మీదే ఉండేవారు. పాఠం అరగంటయినా, చెవిన పడేది రోజంతా. మా పిల్లలకి సెమిస్టరు, యాభై నిమిషాల పీరియడు, తర్వాత బస్సు టైము. ఆ అరుగు మనం తిరిగి కట్టలేం. పాఠం మంచి మైకుతో తీసి, తంబురతో సహా దాచి, పిల్ల ఇంటికెళ్ళాక పదిసార్లు వినే వీలు కల్పిస్తే, అరుగులో అరవంతు అయినా దక్కుతుంది. మేష్టారు ఒప్పుకోలేదు. ఒక రోజు మాత్రం బొంతల గదిలో ఆయనచేత అరగంట పాడించి వినిపించాం. కళ్ళు మూసుకుని మొత్తం విన్నారు. "మధ్యలో ఒకచోట శ్రుతి తగ్గాను," అన్నారు. "అది తీసెయ్యకండి."

గీత ఎప్పుడు మేలు చేస్తుందో కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం. ఎమ్మే రెండో ఏడాది అమ్మాయి ఒకతె, తోడి గాంధారం ఊపు మరీ ఒకేలా, గడియారంలా వేస్తుందని నేను ఎన్నిసార్లు చెప్పినా పట్టుకోలేకపోయింది. తంబురని హెడ్‌ఫోన్‌లో ఒక చెవికే పెట్టి, మైకులో గొంతు ఒక్కటే పడేలా తీశాం. అలా తీస్తే గీత శుభ్రంగా వస్తుంది. తంబుర కూడా పడితే ఎవరి స్వరం ఎవరిదో యంత్రానికి తికమక. దాని పక్కన మేష్టారు పాడిన తోడి గీత పెట్టాం. ఆయన ఊపుల్లో ఏ రెండూ ఒక ఎత్తువి కావు. ఒకటి మధ్యమం దాకా వెళుతుంది, ఒకటి సగంలోనే తిరుగుతుంది, ఒకటి అసలు వెళ్ళినట్టు చేసి ఆగిపోతుంది. ఆ పిల్ల చాలాసేపు చూసి, తెర ఆపేసి, "ఇంకోసారి వినిపించండి మేడమ్, చూడను," అంది. తర్వాతి వారం పాటలో తేడా వచ్చింది.

డబ్బు సంగతి. చేతికి వంద రూపాయలిస్తే నలభై గదికి, తెరలకి, ఎర్త్‌కి పెడతాను. పాతిక రూపాయలు మైకులకీ, వాటిని కంప్యూటర్‌కి కలిపే రికార్డింగ్ ఇంటర్‌ఫేస్‌కీ, మంచి హెడ్‌ఫోన్లకీ. ఇరవై రూపాయలు కంప్యూటర్లకి, మిగిలింది డిస్కులకి. సాఫ్ట్‌వేర్‌కి సున్న. రికార్డింగ్‌కి ఆడాసిటీ, గీతలకి ప్రాట్, లండన్ క్వీన్ మేరీ వాళ్ళ సోనిక్ విజువలైజర్, ఇవన్నీ డబ్బు పెట్టకుండానే దొరుకుతాయి. ఈ వంద కాకుండా, నెలనెలా జీతమిచ్చి ఒక మనిషిని పెట్టండి. సంగీతం చదివి యంత్రాలంటే భయం లేని మా పాత విద్యార్థి ఎవరైనా సరే. ఆ పోస్టు ఇవ్వనంటే యంత్రాలు కూడా ఇవ్వకండి. అట్టపెట్టెలు పేర్చడానికి మాకు చోటు లేదు.

ఈసారి ఇండెంట్ నేనే రాశాను. పదిహేను రోజులకి ఫైలు తిరిగొచ్చింది, మార్జిన్‌లో ఎర్రసిరాతో: "కంప్యూటర్ ల్యాబ్‌కు దూది పరుపులు ఎందుకు? వివరణ ఇవ్వగలరు." ధ్వని ప్రతిఫలనం గురించి రెండు పేజీలు రాశాను. చదువుకుని నాకే నవ్వొచ్చి చింపేశాను. ఆ సెక్షన్ సూపరింటెండెంట్‌గారికి ఫోన్ చేసి, ఒక్క పదినిమిషాలు వచ్చి వెళ్ళండి అన్నాను.

వచ్చారు. ముందు పక్కనున్న ఖాళీ క్లాస్‌రూములోకి తీసుకెళ్ళి చప్పట్లు కొట్టమన్నాను. మొహమాటంగా కొట్టారు. టర్ర్. తర్వాత బొంతల గదిలోకి తెచ్చాను. కొట్టారు. ఆగి తన చేతుల వంక చూసుకున్నారు. "ఇదేంటండీ, కొట్టినట్టే లేదు," అన్నారు. మళ్ళీ పక్క గదిలోకి వెళ్ళి కొట్టి, తిరిగి వచ్చి కొట్టారు. అటెండర్ గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు.

ఫైలు పైకి వెళ్ళింది, ఇంకా పైనే ఉంది. సూపరింటెండెంట్‌గారు మాత్రం పోయిన నెల ఒక సాయంత్రం జేబులో క్యాసెట్ ఒకటి పెట్టుకుని వచ్చారు. వాళ్ళమ్మగారు పాడిన మంగళహారతులట. మొదటి వైపు శుభ్రంగా వచ్చింది. రెండో వైపు సగం నుంచి టేపు నలిగి ఉంది, ఆదివారం కూర్చుని చూడాలి.